ముందు కంటే పావు అంగుళం తక్కువ

పోయిన నెల మా అమ్మాయి షారన్ స్నేహితులతో కలిసి విస్కాన్సిన్ వెళ్లి, స్నోమొబైల్ నడిపి, ప్రాణాలతో తిరిగివచ్చింది. ప్రాణాలతో అన్న మాట దానిదే, నాది కాదు. మేముండే అరోరా నుంచి కొన్ని గంటలు కారులో పోతే ఒక రిసార్ట్ ఉందట. అక్కడ తలకు హెల్మెట్ ఇస్తారు, చేతులకు వెచ్చటి తొడుగులు ఇస్తారు, తాగడానికి వేడి చాక్లెట్ ఇస్తారు, వీటన్నిటి మధ్యా వీలు చూసుకుని మంచు మీద పోయే బండి కూడా ఒకటి ఇస్తారు. ఆ బండికి పవర్ స్టీరింగ్ ఉంది. పట్టుకునేచోట హీటర్ ఉంది. హ్యాండిల్ చిటికెన వేలితో తిప్పితే తిరుగుతుందట. ఇన్ని కష్టాలు పడి వచ్చిన పిల్ల కదా అని గుత్తి వంకాయ చేసిపెట్టాను.

"అమ్మా, యూ హావ్ నో ఐడియా. సడన్‌గా హ్యాండిల్ ఇట్లా ఇట్లా షేక్ అయ్యింది" అని అన్నం ముందు రెండు చేతులూ ఊపి చూపించింది.

"అయ్యో! మరి ఏం చేశారు?"

"కాల్ చేశాం. వాళ్లు వచ్చి వేరే బండి ఇచ్చారు. బట్ వెయిట్ చేయాల్సి వచ్చింది అమ్మా, ఆ చలిలో! నువ్వు కూడా ఒకసారి ట్రై చెయ్యి. భయమైతే నేను నీ వెనక కూర్చుంటా."

బల్లకు అటువైపు కూర్చున్న మా నాన్న పెరుగన్నం కలుపుకుంటూ, "షేక్ అయ్యింది కాదు తల్లీ, అదిరింది అనాలి" అన్నాడు. ఎనభై దాటినా ఆయన ఇంకా మా ఇంట్లో అందరి తెలుగూ దిద్దుతూనే ఉన్నాడు. "తాతయ్యా, మీకు తెలీదు, అది స్కూటర్ లాగా కాదు" అంది షారన్ జాలిగా. నాన్న నావైపు ఒకసారి చూసి, ఆవకాయ సీసా దగ్గరికి జరుపుకున్నాడు. తెలుగు లెక్చరర్‌ని స్నోమొబైల్ కింద దూర్చిన దేశం ఇది. ఆ సంగతి మా పిల్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్ల అమ్మమ్మ చలి ప్రాంతంలో నర్సుగా పనిచేసిందని తెలుసు. పనికి ఎట్లా వెళ్లేదో దానికి తెలియదు. కారులో వెళ్లి ఉంటుందనుకుంది కాబోలు, మనుషులందరూ వెళ్లినట్టు.

మేము మొదట దిగిన ఊరు మిన్నెసోటా పైకొసన ఉంది. ఊరికి మధ్యలో సరస్సు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అది సరస్సు అంటే ఎవరూ నమ్మరు, తెల్లటి మైదానంలా ఉంటుంది. మా అద్దె ఇల్లు ఈ ఒడ్డున, అమ్మ పనిచేసే వృద్ధుల నర్సింగ్ హోమ్ ఆ ఒడ్డున. మా వంటింటి కిటికీలోంచి దాని చిమ్నీ పొగ కనిపించేది. రోడ్డు మీద పోతే సరస్సు చుట్టూ తిరిగి పోవాలి, మంచు తోసే లారీ మా వీధికి మధ్యాహ్నం ఎప్పుడో దయచేసేది, అమ్మ డ్యూటీ మాత్రం తెల్లవారి మొదలయ్యేది. గడ్డకట్టిన సరస్సు మీద అడ్డంగా పోతే అటువైపు ఇట్టే చేరిపోవచ్చు. కొయ్యలు పాతి దారి గుర్తు పెట్టేవాళ్లు. ఆ ఊళ్లో పాలకీ, పనికీ, పెళ్లికీ కూడా జనం అట్లాగే పోయేవాళ్లు. చలికాలమంతా ఫ్లోరిడాలో గడిపే మా ఇంటి ఓనరు వెళ్తూ వెళ్తూ గ్యారేజీలోని పాత స్నోమొబైల్ చూపించి, వాడుకోండి, చెడిపోతే మీరే చూసుకోండి అన్నాడు. చెడిపోతే అనడం ఆయన మర్యాద.

అమ్మ నర్సు కాబట్టి మేము అమెరికా వచ్చాం. అంతకు మించి మాకు ఇక్కడ ఏ అర్హతా లేదు. నేను తెనాలిలో ఇంటర్ చదివి వచ్చాను, సరస్సు ఆ ఒడ్డునే ఉన్న చిన్న కాలేజీలో చేరాను. నాన్న తెనాలిలో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్, పిల్లలు వీధి చివర ఆయన చెప్పుల చప్పుడు వింటే కబుర్లు ఆపేవాళ్లు. ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చాడు. ఆ వీసా మీద భర్తగారు తినవచ్చు, పడుకోవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, కిటికీలోంచి మంచు చూడవచ్చు. జీతం వచ్చే పని మాత్రం చేయరాదు. నాన్న మొదటి చలికాలమంతా ఆ నాలుగు పనులూ శ్రద్ధగా చేశాడు. పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, టక్ చేసుకుని, బెల్టు పెట్టుకుని, వెళ్లి వంటింట్లో కూర్చునేవాడు. ఏ క్షణాన బెల్లు కొట్టినా క్లాసుకి లేవడానికి సిద్ధంగా ఉన్నట్టుండేవాడు. బెల్లు మాత్రం కొట్టేది కాదు.

వంట చేస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు, ఎందుకంటే ఒకసారి చేశాడు. అమ్మే తెల్లవారకముందే లేచి అన్నం, పప్పుచారు, ఏదో ఒక వేపుడు చేసిపెట్టి, వాకిటి గుమ్మం దగ్గర బొంత లాంటి సూటు తొడుక్కుని, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, మెడలో శిలువ గొలుసు లోపలికి తోసుకుని బయల్దేరేది. తిరగమోత వాసనా, పెట్రోలు వాసనా కలిసి వస్తే నాకు ఇప్పటికీ ఆ ఇల్లే గుర్తొస్తుంది. పెట్రోలు అంటే ఉత్త పెట్రోలు కాదు, అందులో ఆయిల్ కలిపి పోయాలి, తెనాలిలో నాన్న స్కూటరుకి పోసినట్టే. ఆ పొగ మొదటిసారి ముక్కుకి తగిలినప్పుడు నాన్న మొహం వెలిగిపోవడం నేను చూశాను. ఈ దేశంలో ఆయనకు పరిచయమైన వాసన అదొక్కటే. ఆ రోజే ప్రకటించాడు, "ఈ వాహన సంరక్షణ బాధ్యత నాది" అని. అమ్మ "అలాగేనండీ" అంది. ఇంట్లో అందరికీ ఒక పని దొరికింది.

వాహన సంరక్షణ ఎట్లా ఉండేదో చెప్తాను. ఒక రోజు బండి ఎంత తాడు లాగినా స్టార్ట్ కాలేదు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, భార్యనీ కూతుర్నీ పిలిచి, ముగ్గురం కలిసి ఆ ఇద్దరు ముగ్గురు మనుషులంత బరువుని ఎడమ పక్కకి పూర్తిగా ఒరగదీయాలన్నాడు. స్కూటరు మొరాయిస్తే పక్కకి వంచి లేపడం తెనాలిలో పసిపిల్లలకి కూడా తెలిసిన వైద్యం. మేము వంచాం. పెట్రోలు గ్యారేజీ నేలంతా పారింది. బండి లేచింది కూడా, కాకపోతే దాని సొంత కారణాలతో మర్నాడు లేచింది. నాన్న మాత్రం తన వైద్యం పనిచేయడానికి కొంత వ్యవధి పట్టిందని తేల్చాడు.

రెండో చలికాలం మొదట్లో అమ్మ ఒకసారి భోజనాల దగ్గర, "బండి కొంచెం పక్కకి లాగుతోందండీ" అంది. అంతే అంది. నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. మొహంలో వెలుగు దాచుకోవడానికి మంచినీళ్లు తాగాడు. మర్నాడు పొద్దున్నే గ్యారేజీ అల్మరా అంతా వెతికి, బండితో పాటు వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం సంపాదించి, వ్యాకరణం చదివినట్టు పెన్సిలుతో గీతలు గీస్తూ మూడుసార్లు చదివాడు. చదివినదంతా సాయంత్రం మాకు పాఠం చెప్పాడు. బండి ముందు రెండు పొడుగాటి స్కీలు ఉంటాయి, మనిషి పాదాల్లాగా. హ్యాండిల్ తిప్పితే లోపలి కడ్డీలు ఆ పాదాలని తిప్పుతాయి. పాదాలు రెండూ సరిగ్గా సమాంతరంగా ఉండకూడదు. వేళ్ల దగ్గర కొంచెం ఎడం, మడమల దగ్గర కొంచెం దగ్గర. ఆ ఎడం ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. కడ్డీకి రెండు చివర్లా మరలుంటాయి, బిగించిన నట్లు వదులుచేసి కడ్డీని తిప్పితే పొడుగు మారుతుంది, పాదం జరుగుతుంది. "ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు" అన్నాడు. అమ్మ అప్పటికే కూర్చున్నచోటే కునుకు తీస్తోంది.

పాఠం చెప్పడం నాన్న పని, బండి కింద దూరడం రాజన్న అంకుల్ పని. రాజన్న అంకుల్‌ది జగిత్యాల వైపు. ఊరి చివర కాగితం మిల్లులో ఇంజనీరు. ఆ ఊళ్లో మేము కాక ఉన్న తెలుగువాడు ఆయనొక్కడే. చుట్టూ నూరు మైళ్లలో తెలుగు మాట్లాడే మనుషులు నలుగురే ఉన్నప్పుడు కూడా నాన్న ఆయన తెలుగుని దిద్దేవాడు. 'గిట్ల' కాదు 'ఇలా' అనాలనేవాడు. రాజన్న అంకుల్ నవ్వి, "గట్లనే సార్" అనేవాడు. అమ్మని అక్కా అని పిలిచేవాడు, ఆమె చేసే గోంగూర కోసం శనివారం దాకా ఉపవాసం ఉన్నట్టు తినేవాడు.

ఆ శనివారం నాన్న స్టూలు మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ముందుగా ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనలో వాహనము, గమనము, సంరక్షణము అన్నీ వచ్చాయి. రాజన్న అంకుల్ చేతులు కట్టుకుని నిలబడి ఆమెన్ అని, అట్టముక్క పరిచి బండి కిందికి పోయాడు. నేను హ్యాండిల్‌ని తిన్నగా పట్టుకున్నాను. స్కీలు అటూ ఇటూ కదలకుండా రెండు కొనలనీ రబ్బరు పట్టీతో కట్టమని పుస్తకంలో ఉంది. మా ఇంట్లో రబ్బరు పట్టీ లేదు, అమ్మ లంగా బొందు ఉంది. దాంతో కట్టాం. నాన్న పుస్తకంలోని వాక్యం మనసులో తర్జుమా చేసుకుని, గొంతు సవరించుకుని, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు చెప్పాడు:

"వెనక, ముందు కంటే పావు అంగుళం తక్కువ ఉండాలి."

"ఎనుక, ముందు కంటె, పావంగుళం తక్కువ" అని కిందనుంచి రాజన్న అంకుల్ అప్పజెప్పాడు. టేపు చప్పుడైంది, స్పానర్ చప్పుడైంది, మళ్లీ టేపు చప్పుడైంది. "అయిపాయె సార్."

"తక్కువైందా?"

"అయింది సార్. పావంగుళం."

"ముందు కంటేనే కదా?"

"ముందు కంటెనే సార్."

ఇంతకంటే స్పష్టంగా ఇద్దరు చదువుకున్న మనుషులు మాట్లాడుకోవడం నేను చూడలేదు. గోంగూరతో భోజనాలయ్యాయి. నాన్న చేతికి గ్రీజు అంటలేదు కానీ, అంటినట్టే సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున అమ్మ వెనక నేనూ కూర్చున్నాను, కాలేజీ దగ్గర దిగడానికి. ఒడ్డు దాటి సరస్సు మీదికి వచ్చామో లేదో బండికి పూనకం వచ్చింది. తిన్నగా పోదామంటే ఎడమకి, ఎడమనుంచి లాగితే కుడికి. అమ్మ రెండు చేతులతోనూ హ్యాండిల్‌ని గుంజి పట్టుకుంది. దాని అదురు ఆమె వీపులోంచి నాకు తెలుస్తోంది. కొయ్య గుర్తుల వరస ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనిపించింది. ఒకచోట ఏకంగా దారి తప్పి మెత్తటి మంచులోకి దూసుకుపోయి ఆగాం. అమ్మ దిగి, కళ్లద్దాలు తుడుచుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని బండి వైపు చూసింది.

"ఇది ముందుకంటే ఘోరంగా ఉందేంటమ్మా?" అన్నాను.

"నాన్నకి చెప్పకు."

"చెప్పకపోతే బాగెట్లా అవుద్ది?"

"చెప్పకు అన్నానా? ఎక్కు."

సాయంత్రం నాన్న గుమ్మంలోనే నిలబడి అడిగాడు, బండి ఎలా ఉందని. ఆ ప్రశ్న అడగడానికి ఆయన పొద్దుటినుంచీ ఆగి ఉన్నాడని తెలిసిపోతూనే ఉంది. "బాగుందండీ" అంది అమ్మ, బూట్లు విప్పుకుంటూ. నాన్న తల ఊపాడు. ఆ రాత్రి పాట పాడుకుంటూ కంచాలు కడిగాడు. ఆ ఆదివారం ఫోనులో జరిగే తెలుగు ప్రార్థన కూటంలో సాక్ష్యం కూడా చెప్పాడు, దేవుడు తన చేతులకు కొత్త నైపుణ్యం ఇచ్చాడని. నాలుగు రాష్ట్రాల్లోని తెలుగు క్రైస్తవులు హల్లెలూయ అన్నారు. అమ్మ మోచేతికి వేసుకున్న కట్టు మీదికి స్వెట్టరు లాక్కుని, తనూ అంది.

అట్లా ఎన్నాళ్లు నడిచేదో కానీ, ఒక రోజు రాత్రంతా మంచు పడి, పొద్దున్నే గాలి లేకుండా ఎండ కాసింది. నాన్న షికారుగా ఒడ్డు దాకా నడిచాడు. సరస్సు మీద కొత్త మంచు తెల్లకాగితంలా ఉంది, దాని మీద పొద్దున వెళ్లిన బండ్ల జాడలన్నీ ఉన్నాయి. పాలవాడి జాడ, పోస్టాయన జాడ, పక్కింటి కుర్రాళ్ల జాడ, అన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మా వాకిట్లోంచి మొదలైన జాడ ఒక్కటే డాక్టరు చేతిరాతలాగా వంకర్లు తిరుగుతూ అటు పోయింది. మధ్యలో ఒకచోట దారి వదిలి పక్కకి పోయి, అక్కడ పెద్ద గుంట, గుంట చుట్టూ అమ్మ బూటు ముద్రలు. అప్పుడు మా కాలేజీకి సెలవులు. కిటికీలోంచి చూస్తే నాన్న చాలాసేపు అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంటికి వచ్చి టక్ తీసేసి, చొక్కా బయటికి వదిలేసి కూర్చున్నాడు. అన్నం తినలేదు. నాకు ఆయన్ని చూస్తే దుఃఖం వచ్చింది. ఉద్యోగం పోయిన మనిషి మొహం అట్లాగే ఉంటుంది. ఆయనకి అమెరికాలో ఉన్న ఒకే ఒక ఉద్యోగం ఆ బండి.

సాయంత్రం అమ్మ రాగానే మామూలుగానే అడిగాడు. "బాగుందండీ" అంది అమ్మ. "మోచెయ్యి?" అన్నాడు. "అదా? హోమ్‌లో తలుపు తగిలింది." నాన్న సరే అన్నాడు. అంతసేపు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా మాట్లాడుకోవడం కూడా ఒక విద్యే.

రాజన్న అంకుల్‌కి శనివారం దాకా ఆగే అదృష్టం దక్కలేదు. మర్నాడు అమ్మకి సెలవు, బండి ఇంట్లోనే ఉంది, నాన్న మిల్లుకి సెలవు పెట్టించి మరీ ఆయన్ని రప్పించాడు. ఆయన ఓవర్‌కోటు విప్పకముందే నాన్న ఒంటికాలి మీద లేచాడు.

"ఏవయ్యా, వెనక తగ్గించమంటే ఏం చేశావు నువ్వు?"

"తగ్గిచ్చిన గద సార్. పావంగుళం తగ్గిచ్చిన. నా కండ్లతోని కొలిచిన."

"దేనికంటే తగ్గించావు?"

"ముందు కంటె."

"మరి ముందు ఎంతుంది?"

"ముందా? అది నాకు యాదికి లేదు సార్. తిప్పకముందు ఎనుక ఎంతుండెనో కొలిచిన, దానికంటె పావంగుళం తక్కువ చేసిన."

నాన్న నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు. "ముందు అంటే... ముందువైపయ్యా. ఫ్రంటు."

"ఫ్రంటు అంటే ముంగట అనాలె గద సార్! ముందు అంటే అంతకుముందు అనుకున్న. ముంగట కంటె ఎనుక తక్కువుండాలె అంటే సీదా అర్థమైతుండె. మీరు ముందు అంటిరి, నేను ముందు విన్న."

కొలిచి చూస్తే సంగతి బయటపడింది. మొదటే స్కీల వేళ్లు ఎక్కువ ఎడంగా ఉన్నాయి, అందుకే బండి లాగేది. మడమల్ని ఇంకో పావు అంగుళం దగ్గరికి లాగేసరికి వేళ్లు ఇంకా విడిపోయాయి. జబ్బుకి మందు వేయబోయి జబ్బునే ఇంకో మోతాదు వేశాం. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి, ఒక్క తెలుగు మాట వల్ల భార్యని మంచుగుంటలో పడేశాడు. అదీ చక్కటి, దోషం లేని, గ్రాంథికం కాని, గ్రామ్యం కాని, శుద్ధమైన తెలుగు మాట. రాజన్న అంకుల్ ముఖంలో నవ్వు పెదాల చివర దాకా వచ్చి, నాన్నని చూసి వెనక్కి పోయింది. నాకు ఆ మర్యాద ఉండేది కాదు, బయటికి వెళ్లి నవ్వుకుని వచ్చాను.

తిరిగి వచ్చేసరికి నాన్న ఇస్త్రీ చొక్కాతోనే అట్టముక్క మీద పడుకుని బండి కింద ఉన్నాడు. పుస్తకం రాజన్న అంకుల్ చేతిలో ఉంది. "ముంగట ఎంతుంది సార్?" అని పైనుంచి ఆయన, "ముంగట ఇంత, వెనక ఇంత" అని కిందనుంచి నాన్న. నాన్న నోటినుంచి ఆ మాట రావడం మొదటిసారి. నట్టు వదులు చేయడం, కడ్డీ కొంచెం తిప్పడం, కొలవడం, మళ్లీ తిప్పడం, రెండో వైపూ అంతే తిప్పడం, హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో నన్ను అడగడం, అది ఉండకపోవడం, మళ్లీ మొదటికి రావడం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. చివరికి నట్లు బిగించి, స్కీల కాళ్ల దగ్గరున్న బొడిపెల్లోకి గ్రీజు ఎక్కించి, బయటికి వచ్చేటప్పటికి చొక్కా చూసి నేనే గుర్తుపట్టలేదు. ఈసారి చేతులు చాలాసేపటిదాకా కడుక్కోలేదు.

మర్నాడు అమ్మ బయల్దేరిన కొంతసేపటికి నాన్న ఒడ్డుకి పరుగులాంటి నడకతో పోయాడు. నేనూ వెనకే వెళ్లాను. మా జాడ కూడా స్కేలు పెట్టి గీసినట్టే ఉంది. నాన్న ముక్కు రెండుసార్లు తుడుచుకున్నాడు. చలికి అందరికీ ముక్కు కారుతుంది కాబట్టి నేను కారణం అడగలేదు. సాయంత్రం అమ్మ వచ్చాక అదే ప్రశ్న, "బాగుందండీ" అని అదే జవాబు, అదే గొంతు. ఘోరంగా ఉన్నప్పుడూ బాగుంది, బాగున్నప్పుడూ బాగుంది. దాంతో అమ్మ మాట మీద నాన్నకి నమ్మకం పూర్తిగా పోయింది. ఆ రోజునుంచి ఆ చలికాలమూ, మరుసటి చలికాలమూ, అమ్మ వెళ్లగానే ఒడ్డుకి వెళ్లి జాడ చూడటం ఆయనకి నిత్యకృత్యమైంది. పరీక్ష పేపరు దిద్దినట్టు ఆ చివరనుంచి ఈ చివరిదాకా చూసేవాడు. ఏ మాత్రం వంక కనిపించినా సాయంత్రం అమ్మని అడగకుండానే బండి కిందికి దూరేవాడు. స్కీల కింద ఇనప పట్టీలు అరిగితే మార్చాడు. కడ్డీ చివర వదులై ఆట వస్తే బిగించాడు. మంచుకి తెలియని సంగతి ఏదీ ఉండదని ఆయన నమ్మకం.

ఇప్పుడు మా ఇంట్లో కారు తన జబ్బులు తనే చెప్పుకుంటుంది. టైరులో గాలి తగ్గితే లైటు, ఆయిల్ తగ్గితే లైటు, డోరు సరిగ్గా వేయకపోతే సంగీతం. మా ఆయనా నేనూ కూడా ఏదీ దాచుకోం. కూరలో ఉప్పు తగ్గిన సంగతి ముద్ద నోట్లోకి పోకముందే తెలుస్తుంది. షారన్ అయితే హోటల్లో తిని ఇంటికి రాకముందే వాళ్లకి ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో ఇచ్చేస్తుంది. దీన్ని ఓపెన్‌గా ఉండటం అంటారట, ఆరోగ్యానికి మంచిదట. కావచ్చు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ దేనికీ ఫిర్యాదు చేసేవాళ్లు కాదు. అది ప్రశాంతత అని నేను చాలాకాలం అనుకున్నాను. అమ్మ పోయి మూడేళ్లయింది. అది ప్రశాంతత కాదని, ఆ ఊళ్లో ఉండగానే, ఆమే ఒక రోజు భోజనాల దగ్గర చెప్పింది కాబట్టి తెలిసింది, లేకపోతే నాన్నా నేనూ ఇప్పటికీ అట్లాగే అనుకుంటూ ఉండేవాళ్లం.

మూడో చలికాలం చివర్లో మాకు గ్రీన్ కార్డులు వచ్చాయి. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసిన మా నాన్నకి, ఆ ఊరి చిన్న లైబ్రరీలో చేపలు పట్టే పుస్తకాలూ వేట పత్రికలూ తిరిగి అరల్లో సర్దే ఉద్యోగం దొరికింది. మొదటి రోజు ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, బెల్టు పెట్టుకుని బయల్దేరాడు. ఈసారి వంటింట్లో ఆగలేదు. సాయంత్రం అమ్మ కంటే ఆలస్యంగా వచ్చాడు. అమ్మ వేడివేడిగా చేపల పులుసు చేసి ఎదురుచూస్తోంది. ఆయన బూట్లు విప్పి, కాళ్లు నొప్పులంటూ కూర్చున్నాడు. ఆ అనడంలో ఎంత గర్వం ఉందో చెప్పలేను. అమ్మ ఆయనకి వడ్డించింది, తనూ వడ్డించుకుంది, ఆయన రెండు ముద్దలు తినేదాకా ఆగింది.

"ఏవండీ, ఆ బండి హ్యాండిల్ నాకు మరీ ఎత్తండి. చేతులు పైకెత్తి పట్టుకోవాలి. భుజాలు పీకేస్తున్నాయి, రాత్రిళ్లు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను."

నాన్న ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఎప్పటినుంచి?"

"మొదటి రోజునుంచీ."

"మూడు చలికాలాలా? నాలుగు బోల్టులు వదులు చేస్తే కిందికి దిగేదానికి? రోజూ అడిగానే నిన్ను! ఎందుకు చెప్పలేదు?"

అమ్మ ఆయన కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

"అప్పుడు మీకు ఉన్నది ఆ పని ఒక్కటేగా. దానిక్కూడా వంక పెట్టమంటారా?"